అర్చక భక్త సంబంధము : చరవాణి యందలి మర్యాద

వైష్ణవాలయమునకు పోయిన భక్తుడు అర్చకుని ఎట్లు కలిసికొనునో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గర్భాలయ ద్వారము చెంత అర్చకుడు నిలుచును. గడపకు ఈవల భక్తుడు నిలుచును. భక్తుడు గోత్రము, నక్షత్రము, పేరు చెప్పుకొనును. అర్చకుడు వానిని స్వామికి విన్నవించును. హారతి యగును. తీర్థము కుడి అరచేతిలో పడును. శిరస్సున శఠారి యుంచబడును. తులసీదళము చేతికి వచ్చును. అంతటితో ఇద్దరి పనియు ముగియును. ఈ కొద్ది కాలములో అర్చకుని చేయి భక్తుని తలను తాకదు. శఠారియే తాకును. జనులు శఠగోపమని పిలుచు ఆ శఠారి భగవంతుని పాదుకలనియు, నమ్మాళ్వారుల స్వరూపమనియు పెద్దల నిర్ణయము. ధనికునకైనను, నిరుపేదకైనను, ఊరి పెద్దకైనను, దారిన పోవు యాత్రికునకైనను దాని బరువు ఒక్కటే.

ఈ యేర్పాటు చేసినవారు మనుష్య స్వభావము నెరిగినవారు. అర్చకునకును భక్తునకును నడుమ భగవంతుని వస్తువొకటి ఎల్లప్పుడు ఉండవలెననియు, అది తొలగినచో మిగులునది ఇద్దరు మనుష్యులును వారి ఇష్టానిష్టములును మాత్రమే యనియు వారికి తెలియును. నేడు అర్చకుడును భక్తుడును గర్భాలయ ద్వారము కడ కంటె చరవాణిలోనే ఎక్కువసార్లు కలిసికొనుచున్నారు. వాట్సాపు, ఫేసుబుక్కు, యూట్యూబు అనునవి ఆలయపు ప్రాకారము లోపలికి వచ్చినవి. వానిలో గడప లేదు. నడుమ శఠారి లేదు. తలుపులు మూయు వేళయు లేదు.

ఇది ఎట్లు వచ్చినదో అందరెరిగినదే. 2020వ సంవత్సరము మార్చి మాసమున కరోనా కారణముగా తిరుమలలో సైతము భక్తులకు దర్శనము నిలుపబడి, జూన్ మాసమున గాని తిరిగి ఆరంభము కాలేదు. స్వామికి కైంకర్యములు ఏకాంతముగా జరిగినవి. ఊరూర ఆలయముల తలుపులు మూయబడిన ఆ దినములలో అర్చకులు చరవాణిలో హారతి చూపిరి. ఆచార్యులు దానియందే కాలక్షేపము చేసిరి. కదలలేని వృద్ధులు ఇంట కూర్చుండి దివ్యప్రబంధ సేవను వినిరి. అది మేలే. ఆపద గడచిన పిదప ఆలయముల తలుపులు తెరువబడినవి గాని చరవాణి మూయబడలేదు.

పరార్థ యజనము

వైఖానస, పాంచరాత్ర సంప్రదాయములు రెండింటియందును ఆలయార్చనమునకు పరార్థమని వ్యవహారము. ఇంట చేయు ఆరాధనము తనకును తన వారికిని. ఆలయమున చేయునది గ్రామమునకు, దేశమునకు, సమస్త ప్రాణికోటికి. తిరుమలలో వైఖానసము, తిరుచానూరు పద్మావతీ అమ్మవారి సన్నిధిలో పాంచరాత్రము నడచుచున్నవి. పద్ధతులు వేరైనను ఈ విషయమున భేదము లేదు. పరార్థమునకు నియుక్తుడైన అర్చకుడు ఊరందరి వాడు. అట్టివాడు ఒకరి యింటి గృహప్రవేశపు ఫోటో క్రింద పొగడ్త వ్రాసి, ప్రక్క యింటివారి దానిని చూచియు ఊరకున్నచో, ఆ రెండవ వారి మనస్సు నొచ్చుకొనును. ఇది అల్పమైన సంగతి వలె కనబడును. రెండు వర్గములున్న ఊరిలో అల్పము కాదు. ఎన్నికల కాలమున ఒక పక్షమును మెచ్చుచు అర్చకుడు పంపిన సందేశము వలన, రెండవ పక్షము వారు ఆలయమున తీర్థము పుచ్చుకొనుటకు సంకోచించిన ఊళ్లు కలవు. అర్చకుడు ఓటు వేయవచ్చును. తన యభిప్రాయము తనకుండవచ్చును. ఆ యభిప్రాయమును ఆలయపు పేర నడచు గ్రూపులో ఉంచినపుడు మాత్రము అది స్వామి సన్నిధిలో చెప్పినట్లే జనులు గ్రహింతురు. వారిది తప్పనుటకు వీలులేదు.

గోపురము మీదిది, వాకిటిది

చరవాణిలో అదుపు ఉండవలెననగానే కొందరు ఉత్సాహవంతులు ఒక బదులు చెప్పుదురు: భగవద్రామానుజులు రహస్యమునే ఎలుగెత్తి చాటినారు గదా, ఇక దాపరికమేల? ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. గురుపరంపరా గ్రంథములందు ఆ కథ ఇట్లున్నది. రామానుజులు (1017–1137) మంత్రార్థము కొరకు శ్రీరంగము నుండి తిరుక్కోష్టియూరునకు నడచిపోయిరి. గోష్ఠీపూర్ణులు పలుమార్లు మరలించి, 18వ పర్యాయమున ఉపదేశించిరి. అర్హత లేనివారికి చెప్పరాదని ఆన పెట్టిరి. రామానుజులు ఆ యూరి ఆలయమున ఉన్నతస్థానమున నిలిచి, కూడిన శ్రీవైష్ణవులందరకును ఆ యర్థమును వెల్లడించిరి. ఆజ్ఞ మీరినందుకు నరకము ప్రాప్తించునని గురువు కోపింపగా, తానొక్కడు నరకమునకు పోయినను ఇందరు తరించుట మేలని విన్నవించిరి. గురువు ఆ దయకు కరగి వారిని ఎంబెరుమానార్ అని పిలిచిరి.

ఈ కథను సగము విన్నవారే చరవాణికి దీనిని ప్రమాణముగా చూపుదురు. రామానుజులు వెల్లడించినది భగవద్విషయము. ఒక శిష్యుని యింటి గుట్టు కాదు. వెల్లడించుట వలన వచ్చు దోషమును వారు తమ తల మీద వేసికొనిరి. నేడు ఒకరి సంగతిని పదుగురకు పంపువాడు దాని ఫలమును ఆ యింటివారి తల మీద వేయుచున్నాడు. అంతియే గాదు, కథ అచట ముగియలేదు. చరమశ్లోకార్థమును పొందిన పిమ్మట రామానుజులు గురువు పెట్టిన నియమమును తామే పాటించిరి. కూరేశులు ఆ యర్థము నడుగగా, సంవత్సర కాలము శుశ్రూష చేసి యుండవలెనని చెప్పిరి. శరీరము సంవత్సరము నిలుచునను నమ్మకమేమి యని కూరేశులు విన్నవింపగా, ఒక మాసము ఉపవాసముతో వాకిట నుండుట దానికి సాటియని తెలిపిరి. కూరేశులట్లే యుండి ఉపదేశము పొందిరి. మహాపండితుడైన దాశరథికి మరియొక దారి యేర్పడెను. ఆయన మహాపూర్ణుల కుమార్తెకు తోడుగా ఆమె యత్తవారింటికి పోయి, అచట వంటపని చేయవలసి వచ్చెను.

గమనింపుడు. ఒకే ఆచార్యుడు అందరకు చెప్పవలసినదానిని గోపురము మీద చెప్పెను. ఒకనికి చెప్పవలసినదానిని వాకిట నిలిపి, ఆ యొకని స్వభావమును కనిపెట్టి చెప్పెను. సంప్రదాయ రక్షణకై 74 మంది సింహాసనాధిపతులను ఆయన నియమించెనని ప్రసిద్ధి. వేలకొలది జనమునకు తానొక్కడే గురువని చెప్పుకొనుటకు ఆయనకు మించిన అర్హత ఎవరికున్నది? అయినను పంచిపెట్టెను. ఒక్కొక్క యాచార్యుడు తన శిష్యుల ముఖము నెరిగి యుండవలెనన్నచో అదియే దారి. నేటి ఉపన్యాసకునకు యూట్యూబులో లక్షమంది శ్రోతలుండవచ్చును. వారు శ్రోతలే. వారి కష్టసుఖములకు తాను బదులు చెప్పగలనని భ్రమించుట ఆయనకును క్షేమము కాదు, వారికిని కాదు.

ఒక గ్రామమున జరిగినది

ఏది గోపురమునకు, ఏది వాకిటికి అను వివేకము తప్పిన చోట ఏమగునో చూడుడు. కృష్ణాతీరమున ఒక గ్రామము, పేరుతో పనిలేదు. అచటి వేణుగోపాలస్వామి అర్చకులు సాత్త్వికులు, చిరకాలముగా ఆ స్వామినే ఆశ్రయించి యున్నవారు. ఆలయము పేర ఒక వాట్సాపు గ్రూపు కలదు. అందు నాలుగు వందల మంది. సగము మంది హైదరాబాదున, బెంగుళూరున ఉద్యోగములలో నున్నవారు, కొందరు అమెరికాలో నున్నవారు. ఒకనాటి సాయంకాలము ఒక యిల్లాలు ఆలయమునకు వచ్చి, జనము పలుచబడు వరకు ధ్వజస్తంభము కడ కూర్చుండి, పిదప లోనికి వచ్చి మెల్లగా, “ఆచార్యులుగారూ, మా అమ్మాయికి మూర్ఛలు వస్తున్నాయి. మందులు వాడుతున్నాము. దాని పేరు మీద నలభై రోజులు అర్చన చేయండి” అని వేడుకొనెను. అర్చకుల మనస్సు కరగెను. ఒక్కడు చేయు ప్రార్థన కంటె నాలుగు వందల మంది చేయు ప్రార్థన గొప్పది గదా యని తలచి, ఆ రాత్రి గ్రూపులో బాలిక గోత్రము, నక్షత్రము, పేరు, వ్యాధి వ్రాసి, అందరు విష్ణుసహస్రనామ పారాయణము చేయవలెనని కోరిరి. గంటలో నూరు చేతులు జోడించిన గుర్తులు వచ్చినవి.

ఆ బాలికకు వివాహ ప్రయత్నము జరుగుచున్నదని అర్చకులకు తెలియదు. వరుని బంధువొకడు ఆ గ్రూపులో నున్నాడని ఎవరికిని తెలియదు. మూడవనాటికి ఆ సంబంధము నిలిచిపోయెను. మూర్ఛవ్యాధి చాలమందికి మందులతో అదుపులో నుండునదియే. దానిని చూచి వెనుదీసినవారిది అజ్ఞానమే. అయినను ఆ నిజమును ఎప్పుడు, ఎవరికి, ఎట్లు చెప్పవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము ఆ బాలికది, ఆమె తల్లిదండ్రులది. అది వారి చేతి నుండి జారిపోయెను. అర్చకులు సందేశమును చెరిపివేసిరి. పంపినవాడు కొంత కాలము వరకు చెరిపివేయగలడు గాని ఇతరులు పంపుకొన్న ప్రతులు చెరుగవు. ఆ యిల్లాలు కలహింపలేదు, నిందింపలేదు. గ్రూపు నుండి తొలగెను. ఆలయమునకు వచ్చుట మానెను. నింద కంటె ఈ మౌనమే అర్చకులను ఎక్కువ బాధించెను.

అర్చకులందు దురుద్దేశము లేశమైనను లేదు. అందుకే ఈ సంగతి చెప్పదగినది. దుష్టుని తప్పు లోకము పట్టుకొనును. మంచివాని తొందరపాటును ఎవరు పట్టుకొందురు? పాత పద్ధతిని ఒకసారి పరిశీలించిన చాలును. సంకల్పమున గోత్రము, నక్షత్రము, నామము చెప్పబడును. క్షేమారోగ్యములు సామాన్యముగా కోరబడును. రోగము పేరు చెప్పబడదు. సర్వజ్ఞుడైన స్వామికి అది చెప్పనక్కరలేదు. ప్రక్కన నిలిచిన వానికి అది వినవలసిన పని లేదు. 2023లో భారత పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ కొరకు ఒక చట్టము చేసి, ఒకరి వివరములను వాడుటకు వారి సమ్మతి ప్రధానమని చెప్పినది. సంకల్పపు పద్ధతి ఆ మర్యాదను ఎన్నడో నేర్పినది.

ఆ గ్రామపు ధర్మకర్తలు పిమ్మట కొన్ని యేర్పాట్లు చేసిరి. గ్రూపులో నిర్వాహకులు మాత్రమే వ్రాయునట్లు మార్చిరి. ఉత్సవములు, తిరునక్షత్రములు, ఏకాదశి, దర్శన వేళలు తప్ప మరేమియు అందు వ్రాయబడదు. అర్చన కోరువారు ఆలయమునకు వచ్చి చెప్పవలెను, లేదా ఆలయపు ఫోనుకు పలుకవలెను. మరియొక చిక్కు కూడ వారికి అప్పుడే తెలియవచ్చెను. వాట్సాపు గ్రూపులో ఒక్కొక్కరి ఫోను నంబరు తక్కిన అందరకు కనబడును. ఆలయపు గ్రూపున చేరినందుకే కొందరు స్త్రీలకు ముక్కుమొగము తెలియనివారి సందేశములు వచ్చుచుండెనట. చెప్పుకొనుటకు సిగ్గుపడి ఊరకుండిరట. 2023లో వచ్చిన ఛానెలు అను పద్ధతిలో చేరినవారి నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఉత్సవ వార్తలకు అది చాలును.

బాలురకు చరవాణి ద్వారా ప్రబంధము, స్తోత్రములు నేర్పు ఆచార్యులు తల్లి లేక తండ్రి ఫోనుకే పాఠము పంపవలెను. బాలునితో వేరుగా సంభాషణ నడపరాదు. స్త్రీలు ధర్మసందేహము నడిగినచో ఆచార్యుడు గోష్ఠిలో బదులీయవచ్చును, లేదా తన ధర్మపత్ని చెంత నుండగా ఇంటికి రమ్మని చెప్పవచ్చును. రాత్రివేళ ఏకాంత సందేశములు ఎట్టి పవిత్ర విషయముతో ఆరంభమైనను కట్టిపెట్టవలసినవే. ఇట్లు వ్రాయుట కొందరు పెద్దలకు నొప్పి కలిగింపవచ్చును. కాని నమ్మిన ఇండ్లలో ఆచార్య వేషమున అపచారములు జరుగుట లోకమున లేనిది కాదు. నియమము దుర్బుద్ధి గలవానికి అడ్డు; సద్బుద్ధి గలవానికి అపనింద సోకకుండ రక్ష.

భక్తుల వంతు

మర్యాద ఒక ప్రక్కనే యుండునది కాదు. పిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున గురుశిష్యుల బాధ్యతలను పంచి చెప్పిరి: ఆచార్యుడు శిష్యుని ఆత్మస్వరూపమును కాపాడవలెను, శిష్యుడు ఆచార్యుని దేహమును కాపాడవలెను అని దాని భావము. ఆచార్యుని దేహమును కాపాడుట యనగా ఫలములు, వస్త్రములు సమర్పించుట మాత్రమే కాదు. ఆయనను నిద్రపోనిచ్చుట కూడ. అర్చకుడు బ్రాహ్మీముహూర్తమున లేచి, స్నానముచేసి, సుప్రభాతమునకు తలుపు తీయవలసినవాడు. అమెరికా తూర్పు తీరమున వేసవి దినములలో సాయంకాలము ఆరు గంటలైనపుడు ఇచట తెల్లవారుజాము మూడున్నర. అచటి భక్తుడు కార్యాలయము నుండి ఇంటికి వచ్చి తీరికగా జాతకపు ప్రశ్న పంపును. ఇచట దిండు క్రింద ఫోను మ్రోగును. చూచినట్లు నీలి గుర్తులు వచ్చియు బదులు రాలేదని మరునాడు అలుక. స్వామికే ఏకాంతసేవ పిదప విశ్రాంతి కలదు, అర్చకునకు ఉండరాదా?

ఫోటోల సంగతి ఇంకొకటి. తిరుమల ఆలయములోనికి భక్తులు సెల్‌ఫోను తీసికొని పోరాదు. 2022 డిసెంబరులో మద్రాసు ఉన్నత న్యాయస్థానము తమిళనాడు ఆలయములన్నిట ఫోనులను నిషేధింపవలెనని ఆదేశించినది. చిన్న ఊళ్లలో ఈ కట్టడి లేదు. భక్తుడు హారతిని కంటితో చూడక తెరలో చూచును. అర్చకుడే అలంకారము పూర్తికాగానే మూలమూర్తిని ఫోటో తీసి ఫేసుబుక్కులో ఉంచి, ఎందరు మెచ్చిరో నైవేద్యపు వేళ చూచుకొను స్థితి కూడ వచ్చినది. ఇది భక్తుల ప్రోత్సాహము వలన వచ్చినదే. మెచ్చువారు తగ్గినచో ఆ యలవాటు దానంతట పోవును. ప్రతి యుదయము గ్రూపులలో వచ్చిపడు దేవతా చిత్రములను, ఫోను నిండినదని, రాత్రికి మూటగట్టి చెరిపివేయుట ఎట్టి పనియో కూడ పంపువారు ఒకసారి తలచుకొనవలెను.

ఇక ధనము. వేదాంతదేశికులు (1268–1369) ఉంఛవృత్తితో జీవించినవారు. ఒకనాడు ఎవరో భక్తుడు వారి బియ్యములో బంగారు నాణెములు కలిపెనట. ధర్మపత్ని ఇవి ఏమని అడుగగా, దేశికులు వానిని పురుగులుగా నెంచి పారవేయించిరని సంప్రదాయ కథ. అందరు దేశికులు కాలేరు. అర్చకునకు సంసారము కలదు, పళ్ళెములో వేయు సంభావన ధర్మ్యమే. అది అందరి యెదుట జరుగును. చరవాణిలో ఒకరి ఖాతా నుండి మరియొకరి ఖాతాకు రహస్యముగా పోవు ద్రవ్యము అట్టిది కాదు. ఆలయ కార్యమునకు ఇచ్చునది ఆలయపు ఖాతాకే చేరవలెను, రసీదు రావలెను. ఇందు మోసమునకును ఎక్కువ చోటున్నది. అర్చకుని ఫోటో దొంగిలించి, ఆయన పేర క్రొత్త ఖాతా తెరచి, “అత్యవసరము, పదివేలు పంపుడు” అని వ్రాయు దొంగలు బయలుదేరినారు. భక్తి యెక్కువగా గలవారే ముందుగా మోసపోవుదురు. ఆచార్యుడు అడిగినపుడు ప్రశ్నించుట అపచారమని వారి భయము. ఆయన పాత నంబరుకు ఒకసారి ఫోను చేసి గొంతు వినుట అపచారము కాదు. ధనము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు తెలుపవలెను. అర్చకుడు కూడ, తాను ఎన్నడును సందేశము ద్వారా ధనమడుగనని, అందరు వినునట్లు ఆలయమున ముందుగానే చెప్పియుంచుట మంచిది.

కృష్ణాతీరపు ఆ గ్రామమున అర్చకులు కొంతకాలము ఏమి చేయుటకును తోచక గడపిరి. చరవాణిలో క్షమాపణ వ్రాయవలెనని ధర్మకర్త యొకరు సూచింపగా, ఆ మాట మరల నాలుగు వందల మంది యెదుటికి పోవునని వారించిరి. ఒక శనివారము మధ్యాహ్నము, నివేదన ముగించి, ఎండలో నడచి ఆ యింటికి పోయిరి. అరుగు మీద కూర్చుండి, తాము చేసినది తప్పని చెప్పిరి. ఆ యిల్లాలు మంచినీళ్లు ఇచ్చెను, మరేమియు పలుకలేదు. అర్చకులును ఇంకేమియు అడుగక లేచి వచ్చిరి. నలుబది దినముల అర్చనను మాత్రము, ఎవరికిని చెప్పక, పూర్తి చేసిరి.

ధనుర్మాసము వచ్చినది. తిరుప్పావై సేవాకాలము ముగిసి, చీకటి ఇంకను విడివడక ముందే, ఆ తల్లియు కుమార్తెయు తీర్థపు వరుసలో చివర నిలిచియుండిరి. అర్చకులు కుశలమడుగలేదు. గోత్రము చెప్పుమని కూడ అడుగలేదు. అది వారికి జ్ఞాపకమే. స్వామి వైపు తిరిగి తమలో తాము పేరు చెప్పుకొని, తీర్థమిచ్చి, ఇద్దరి శిరస్సులయందు శఠారి యుంచి, పొంగలి ప్రసాదము ఆకులో పెట్టి ఇచ్చిరి.